ముందు బ్రేకు అంటే మనకు ఎందుకంత భయం?

మన ఇళ్లలో బండి నేర్పేది ఎవరు? నాన్న, బాబాయి, మేనమామ, లేదంటే మనకంటే రెండేళ్లు పెద్దవాడైన ఓ స్నేహితుడు. పొద్దున్నే ఊరి బయట స్కూల్ గ్రౌండుకో, ఇంకా ఇళ్లు లేని వెంచర్ రోడ్డుకో తీసుకెళ్తారు. క్లచ్ మెల్లగా వదలమంటారు. బండి ఒక్క ఎగురు ఎగిరి ఆగిపోతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తాం. సాయంత్రానికి మూడో గేరు పడుతుంది. వారం తిరిగేసరికి "మావాడికి బండి వచ్చేసింది" అని ఇంట్లో చెప్పుకుంటారు. ఆ వారంలో ఏం నేర్పినా నేర్పకపోయినా ఒక్క మాట మాత్రం అందరికీ చెప్తారు: "ముందు బ్రేకు జోలికి పోకు, పల్టీ కొడతావ్."

ఆ మాట తప్పు. ప్రాణాల మీదకు తెచ్చే తప్పు. ఆగాల్సిన చోట ఆగలేక గుద్దుకునేవాళ్లలో చాలామంది వేళ్లు ఆ క్షణంలో ముందు బ్రేకు లీవరు మీదకు వెళ్లడానికే జంకి ఉంటాయని నేను గట్టిగా నమ్ముతున్నాను. బండిని కదిలించడం నేర్చుకుంటున్నాం, ఆపడం నేర్చుకోకుండానే రోడ్డెక్కుతున్నాం. బండి జాగ్రత్త గురించి మనం మాట్లాడుకునేదంతా హెల్మెట్ దగ్గర మొదలై చలాను దగ్గర ముగుస్తోంది. ఆ రెంటి మధ్య ఒక పెద్ద చదువు ఉంది. దాన్ని ఎవరూ చెప్పడం లేదు, ఎవరూ అడగడం లేదు.

ఆ భయం ఊరికే పుట్టలేదు. మనకు చెప్పిన పెద్దవాళ్లు తమ అనుభవమే చెప్పారు. వాళ్ల కాలంలో మధ్యతరగతి ఇంటి ముందు బజాజ్ చేతక్ ఉండేది. చిన్న చక్రాలు, బరువంతా వెనకాల, ఇంజను కుడివైపు. ముందు ఉన్న డ్రమ్ము బ్రేకు అంతంతమాత్రం. కాలి కింద వెనక బ్రేకే దిక్కు. తారు ఊడి కంకర తేలిన రోడ్డు మీద, హ్యాండిల్ కొంచెం తిరిగి ఉండగా ముందు బ్రేకు గట్టిగా పట్టేస్తే చక్రం జారేది. అలా ఒకసారి మోచేతులు గీరుకుపోయిన మనిషి కొడుక్కి "దాని జోలికి పోకు" అనే చెప్తాడు. ప్రేమతోనే చెప్తాడు. తర్వాత బండ్లు మారాయి, టైర్లు మారాయి, వేగాలు రెట్టింపయ్యాయి. పాఠం మాత్రం చేతక్ దగ్గరే ఆగిపోయింది.

బ్రేకు వేసినప్పుడు నిజంగా ఏం జరుగుతుందో చూద్దాం. బస్సులో నిలబడి ఉన్నప్పుడు డ్రైవరు బ్రేకు వేస్తే మనం ముందుకు తూలతాం కదా. బండి బరువు కూడా అలాగే ముందు చక్రం మీదకు వచ్చి పడుతుంది. ముందు టైరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది, వెనక టైరు తేలికైపోతుంది. ఎంత గట్టిగా ఆపితే వెనక చక్రం అంత తేలిక. తేలికైపోయిన చక్రాన్ని ఎంత తొక్కినా బండి ఆగదు. చక్రం లాక్ అయి, బండి వెనక భాగం పక్కకు ఊగుతుంది. పొడి తారురోడ్డు మీద గట్టిగా ఆపాల్సి వస్తే ఆ పనిలో మూడింట రెండు వంతులు, ఇంకా ఎక్కువే, ముందు బ్రేకు చేసేదే. బండ్లు తయారుచేసేవాళ్లకు ఈ సంగతి బాగా తెలుసు. ఒక్క చక్రానికే డిస్కు బ్రేకు ఇచ్చే బండిలో దాన్ని ముందు చక్రానికే బిగిస్తారు. డబ్బు పెట్టి కొనుక్కున్న ఆ డిస్కును జీవితంలో ఒక్కసారి కూడా సరిగ్గా వాడనివాళ్లు మన చుట్టూ ఎంతోమంది ఉన్నారు.

ముందు బ్రేకు మనిషిని పడేసే సందర్భాలు లేవని నేననను. లీవరును ఒక్కసారిగా గుంజితే పడేస్తుంది. హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు వేస్తే పడేస్తుంది. ఇసుక మీద, బురద మీద, నున్నటి మ్యాన్‌హోల్ మూత మీద గట్టిగా పట్టుకుంటే పడేస్తుంది. ఈ మూడూ తెలిసినవాడికి భయంతో పని లేదు, జాగ్రత్త చాలు. లీవరును గుంజకూడదు, నిమ్మకాయ పిండినట్టు పిండాలి. ముందు కొంచెం పట్టుకుంటే బరువు ముందు చక్రం మీదకు వస్తుంది. అది వచ్చాక ఇంకా గట్టిగా, ఇంకా గట్టిగా. వెనక బ్రేకు మీద కాలు తేలిగ్గా. హ్యాండిల్ నిటారుగా, చూపు దూరంగా. ఈ మొత్తం ఒక సెకను లోపల జరిగిపోవాలి. ఆలోచించి చేసే టైం ఉండదు కాబట్టే చేతికి ముందే అలవాటు చేసి పెట్టుకోవాలి.

మా అక్క కొడుకు ఇంజనీరింగులో చేరినప్పుడు వాళ్ల నాన్న 150 సీసీ బండి కొనిచ్చారు. వాడు అప్పటికే ఖమ్మం వీధులన్నీ తిప్పేస్తున్నాడు. ఓ ఆదివారం పొద్దున్నే గ్రౌండుకు తీసుకెళ్లి, సున్నంతో ఒక గీత గీసి, "ముప్పైలో వచ్చి ఈ గీత దగ్గర బ్రేకు మొదలుపెట్టు, ఎంత తొందరగా ఆపగలవో చూద్దాం" అన్నాను. వెనక బ్రేకు తొక్కాడు. చక్రం లాక్ అయి, దుమ్ము లేపుకుంటూ గీతకు చాలా దూరం వెళ్లి ఆగింది.

"ముందుది కూడా పట్టుకోరా."

"ముందు బ్రేకు వేస్తే పడిపోతాం కదా మామా?"

"ఎవరు చెప్పార్రా?"

"నాన్నే చెప్పాడు."

గ్రౌండు వదిలి పక్కనే ఉన్న సిమెంటు రోడ్డు మీదకు వెళ్లాం. మట్టి మీద నేర్పే పాఠం కాదది. మొదట ఇరవైలో ముందు బ్రేకు ఒక్కటే, రెండు వేళ్లతో, మెల్లగా. తర్వాత ముప్పైలో రెండు బ్రేకులూ కలిపి. మొదట్లో భుజాలు బిగబట్టి, ముందు చక్రం వైపే చూస్తూ ఆపేవాడు. తల ఎత్తి దూరంగా ఉన్న వేపచెట్టును చూడమంటే బండి తిన్నగా ఆగడం మొదలైంది. గంట గడిచేసరికి భయం పోయి ఆసక్తి పుట్టింది. చివర్లో తనే దిగి అడుగులేసి కొలుచుకున్నాడు. వెనక బ్రేకు ఒక్కదానితో పట్టిన దూరంలో ఇంచుమించు సగానికే బండి ఆగుతోంది. "ఇన్నాళ్లూ సగం బ్రేకుతోనే తిరిగానా మామా?" అన్నాడు. మా బావగారిని తప్పు పట్టను. ఆయనకు ఇలా ఎవరూ చూపించలేదు.

ఇది మన ఒక్కళ్ల సంగతే కూడా కాదు. అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ నుంచి హ్యారీ హర్ట్ బృందం 1981లో ఒక పెద్ద నివేదిక ఇచ్చింది. లాస్ ఏంజిలిస్ ప్రాంతంలో 900 మోటార్‌సైకిల్ ప్రమాదాలను, ఎక్కడ జరిగితే అక్కడికి వెళ్లి పరిశీలించారు. అందులో తేలింది ఏమిటంటే, ప్రమాదం ముంచుకొచ్చిన క్షణంలో ఎక్కువమంది వెనక బ్రేకును అతిగా తొక్కి చక్రం జార్చుకున్నారు, ముందు బ్రేకును చాలా తక్కువగా వాడారు. పక్కకు తప్పించుకునే నేర్పు దాదాపు ఎవరిలోనూ కనిపించలేదు. తప్పించుకోవడానికి దొరికిన వ్యవధి చాలా సందర్భాల్లో రెండు సెకన్ల లోపే. ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది. ఆ ప్రమాదాలకు గురైనవాళ్లలో 92 శాతం మంది బండిని సొంతంగా నేర్చుకున్నవాళ్లు, లేదా ఇంట్లోవాళ్ల దగ్గరో స్నేహితుల దగ్గరో నేర్చుకున్నవాళ్లు. మన లెక్క వేరేగా ఉంటుందని అనుకోవడానికి నాకే కారణమూ కనబడటం లేదు.

"ఇప్పుడు బండ్లకు ఏబీఎస్ వస్తోంది కదా" అంటారు. వచ్చింది, మంచిదే. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన ప్రతి కొత్త బండికీ ఏబీఎస్ ఉండాలని, అంతకంటే చిన్న వాటికి కనీసం సీబీఎస్ అయినా ఉండాలని నిబంధన అమల్లోకి వచ్చింది. ఏబీఎస్ చక్రాన్ని లాక్ కానివ్వదు. మన దగ్గర 150, 160 సీసీ బండ్లలో చాలావాటికి అది ముందు చక్రానికి మాత్రమే ఉంటుంది. అంటే పెద్దవాళ్లు దేనికి భయపడ్డారో సరిగ్గా దానికే మందు వేశారు. కానీ లీవరే పట్టుకోని మనిషికి ఏబీఎస్ ఏం చేయగలదు? ఇక స్కూటర్లలో ఉండే సీబీఎస్ అంటే ఎడమ లీవరు పట్టుకుంటే వెనక బ్రేకుతో పాటు ముందు బ్రేకు కూడా కొంత పడుతుంది. కొంతే. మిగతా బలం కుడిచేతి లీవరులో ఉంది. స్కూటీ నడిపే అమ్మాయిలకు, ఆంటీలకు ఎడమ లీవరు ఒక్కటే వాడమని నేర్పుతున్నవాళ్లు దయచేసి ఆ పాఠం మార్చండి.

ఇప్పుడు వేగం. దీన్ని నీతి బోధలా చెప్తే ఎవరూ వినరు, కాబట్టి లెక్కగానే చెప్తాను. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక సెకనులో దాదాపు 17 మీటర్లు వెళ్తుంది. ఎదురుగా ఏదో వచ్చిందని కన్ను చూసి, బుర్ర గ్రహించి, చెయ్యి బ్రేకు పట్టుకునేసరికి తేలిగ్గా ఒక సెకను పడుతుంది. ఆ 17 మీటర్లూ బ్రేకు లేకుండానే అయిపోతాయి. అక్కణ్నుంచి పొడి రోడ్డు మీద రెండు బ్రేకులూ బాగా వేస్తే ఇంకో 23, 24 మీటర్లు. మొత్తం 40 మీటర్లు. ఇప్పుడు పక్కనే 80లో వెళ్తున్న ఇంకో బండిని ఊహించండి. అదే చోట, అదే క్షణంలో, అంతే నేర్పుతో అతనూ బ్రేకు వేశాడు. మొదటి బండి పూర్తిగా ఆగిపోయిన ఆ 40 మీటర్ల దగ్గర రెండో బండి ఇంకా ఎంత వేగంలో ఉంటుంది? ఇరవై అనుకుంటాం. దాదాపు అరవై ఉంటుంది. ఒకడు లారీ వెనక ఊపిరి పీల్చుకుంటూ ఆగిన చోట, రెండోవాడు అరవైలో లారీని గుద్దుతాడు. తేడా ఇరవై కిలోమీటర్లే కదా అని ఎవరైనా అంటే నేను ఈ లెక్కే చెప్తాను.

ఆ ఇరవై వల్ల మిగిలేదెంత? 30 కిలోమీటర్ల దూరంలో, ఎక్కడా సిగ్నలు, మలుపు, గేదెల మంద లేవనుకున్నా, ఏడెనిమిది నిమిషాలు. సిటీలో అదీ మిగలదు. మన పక్కనుంచి దూసుకెళ్లినవాడే తర్వాతి సిగ్నల్ దగ్గర మన పక్కనే నిలబడి ఉంటాడు.

ఆ 40 మీటర్లను రాత్రిపూట గుర్తుపెట్టుకోవాలి. లైటు డిమ్‌లో ఉన్నప్పుడు మన బండ్ల వెలుగులో రోడ్డు మీద నల్లటి వస్తువు స్పష్టంగా కనబడేది కూడా ఇంచుమించు అంత దూరమే, చాలా బండ్లకు అంతకంటే తక్కువ. అంటే రాత్రి అరవై దాటితే, కనబడిన దాని ముందు ఆగడం మన చేతుల్లో లేనట్టే. పల్లెల్లో పెరిగినవాళ్లకు నేను దేని గురించి చెప్తున్నానో ఈపాటికి తెలిసే ఉంటుంది. యాసంగి కోతలప్పుడు ఏప్రిల్, మే నెలల్లో, మళ్లీ వానాకాలం పంట నవంబరు, డిసెంబరుల్లో చేతికొచ్చినప్పుడు, రోడ్డుకు సగం దాకా వడ్లు ఆరబోస్తారు. రాత్రికి కుప్పచేసి, పైన నల్ల పట్టా కప్పి, చుట్టూ బండరాళ్లు పేరుస్తారు. చీకట్లో నల్ల తారు మీద నల్ల పట్టా. ఆ రాళ్లకు తగిలి చనిపోయినవాళ్ల వార్త పంట సీజన్‌లో పేపర్ జిల్లా పేజీలో కనబడుతూనే ఉంటుంది. రైతుకు ఆరబోసుకోవడానికి కల్లం లేకపోవడం నిజం. రాయి పెట్టడం తప్పు అన్నదీ నిజం. ఈ రెండు నిజాలూ తేలేలోపు అర్ధరాత్రి ఆ రోడ్డు మీద పోవాల్సినవాడు నలభైలోనే పోవాలి. వేరే దారి నాకు కనబడలేదు.

హైవే మీద ఇంకో రకం చీకటి ఉంది. హైదరాబాద్ నుంచి సూర్యాపేట వైపు రాత్రిపూట వెళ్తుంటే చిట్యాల, నకిరేకల్ దాటే దాకా ఎన్ని లారీలు రోడ్డు అంచున పార్కింగ్ లైట్లు లేకుండా ఆగి ఉంటాయో ఆ దారిన తిరిగేవాళ్లకు తెలుసు. ట్రాలీకి వెనక లైటు గానీ మెరిసే స్టిక్కరు గానీ లేని ట్రాక్టర్లు సరేసరి. ఎదుటి బండి హైబీమ్ కళ్లలో పడ్డప్పుడు మనం చేసే మొదటి పని మనమూ హైబీమ్ కొట్టడం. దానివల్ల ఇద్దరికీ కనబడదు. యాక్సిలరేటర్ తగ్గించి, చూపును రోడ్డు ఎడమ అంచు గీత మీద పెట్టి, ఆ బండి దాటేదాకా ఆ గీతను పట్టుకుని పోవడమే క్షేమం.

చూపు గురించి ఇంకాస్త చెప్పాలి. బండి మనం చూసిన వైపే వెళ్తుంది. గుంతను తప్పించుకోవాలని గుంతనే చూస్తూ ఉంటే సరిగ్గా గుంతలోనే పడతాం. ఎదురొస్తున్న బస్సును గుడ్లప్పగించి చూస్తే చేతులు దానివైపే తిప్పుతాయి. తప్పించుకునే సందును చూడాలి. ఇది చెప్పినంత తేలిక కాదు, ఎందుకంటే భయపడ్డ కన్ను భయపెట్టిన దాని మీదే అతుక్కుంటుంది. రోజూ చిన్నచిన్న గుంతల దగ్గర, స్పీడ్ బ్రేకర్ల పక్క సందుల దగ్గర కావాలని సాధన చేస్తే వస్తుంది. గ్రౌండులో రెండు ఇటుకలు పెట్టి వాటి మధ్యనుంచి, తర్వాత వాటి పక్కనుంచి పోవడం ప్రయత్నించండి. కొంచెం వేగంలో ఉన్నప్పుడు కుడివైపు తప్పుకోవాలంటే కుడిచేత్తో హ్యాండిల్‌ను ముందుకు నెట్టాలి, ఎడమవైపైతే ఎడమచేత్తో. వినడానికి తలకిందులుగా ఉంటుంది. చేసి చూస్తే బండి ఎంత చురుగ్గా వంగుతుందో అర్థమవుతుంది. ఒక్క జాగ్రత్త: గట్టిగా బ్రేకు వేస్తూ పక్కకు తిప్పకూడదు. మొదట బ్రేకు వేయడం, అది వదిలాక తిప్పడం. రెండూ ఒకేసారి అడిగితే టైరు ఇవ్వలేదు.

ఇక సిటీలో చూడాల్సినవి వేరు. సందులోంచి వచ్చే ఆటో డ్రైవరు ముఖం చూసి "నన్ను చూశాడు" అనుకోకండి, ఆటో ముందు చక్రం చూడండి. అది కదులుతుంటే అతను చూసినా చూడకపోయినా వస్తున్నట్టే లెక్క. ఆగి ఉన్న కారు పక్కనుంచి పోయేటప్పుడు తలుపు తెరుచుకునేంత దూరం వదలండి. ఆర్టీసీ బస్సుకు ఎడమపక్క సందు దొరికింది కదా అని దూరడం అన్నిటికంటే ప్రమాదం. స్టాపు దగ్గర దిగేవాళ్లు అటే దిగుతారు, డ్రైవరుకు అక్కడ కనబడదు, బస్సు ఎడమకు తిరిగితే వెనక చక్రాలు ఆ సందును మింగేస్తాయి. లారీకి కూడా అంతే. మన బండి వాళ్ల అద్దంలో సన్నటి గీతలా కనబడుతుంది, వెడల్పు లేని వస్తువు ఎంత వేగంగా వస్తోందో మనిషి కన్ను సరిగ్గా అంచనా వేయలేదు. అందుకే నేను రోడ్డు మీద ఒక్కటే నియమం పెట్టుకున్నాను: ఎదుటివాడు నన్ను చూడలేదనే అనుకుంటాను.

నైపుణ్యంలో సగం అసలు ఈ మనసులోనే ఉంది, చేతుల్లో కాదు. ముందు బ్రేకు అద్భుతంగా వేయగలిగినవాడు కూడా ప్రతి ఐదు నిమిషాలకోసారి దాన్ని అంత గట్టిగా వేయాల్సి వస్తోందంటే అతను బండి నడిపే తీరులోనే లోపం ఉంది. ముందు వెళ్తున్న బండి ఒక కరెంటు స్తంభం దాటాక మనం అదే స్తంభం దాటడానికి రెండు సెకన్లు పట్టాలి. వాన పడితే మూడు, నాలుగు. "అంత గ్యాప్ వదిలితే మధ్యలోకి ఇంకోడు దూరతాడు" అని అందరూ అనే మాటే. దూరనివ్వండి. మళ్లీ కాస్త వెనక్కి తగ్గండి. ఇంటికి చేరేసరికి అలా దూరినవాళ్లందరివల్లా మనకు పోయే టైం ఒక నిమిషం కూడా ఉండదు.

ఎవడో కట్ కొట్టాడని వెంటపడి వాణ్ని దాటేదాకా నిద్రపట్టని మనుషులు మనలో ఉన్నారు. చదువుకున్నవాళ్లు, ఇంట్లో నెమ్మదస్తులు, వెనక భార్యాపిల్లల్ని కూర్చోబెట్టుకున్నవాళ్లు కూడా. రోడ్డు మీద అవమానం అనేది ఒక భ్రమ. ఆ ఇద్దరూ మళ్లీ జీవితంలో కలవరు. తప్పు అవతలివాడిదే అని కోర్టులో రుజువు కావచ్చు, కానీ విరిగేది మన కాలు. న్యాయం మన వైపు ఉన్నప్పుడు కూడా దారి వదిలేయగలగడం నా దృష్టిలో పెద్ద నైపుణ్యం. అది ఏ గ్రౌండులోనూ నేర్పలేం.

అలాగే రాంగ్ రూట్. యూటర్న్ కిలోమీటరు దూరంలో ఉందని డివైడర్ పక్కనుంచి ఎదురుగా వచ్చేస్తారు. ఎదురెదురుగా వచ్చే రెండు బండ్ల వేగాలు కలుస్తాయి. చెరో 40లో ఉన్నా మధ్య దూరం 80 వేగంతో కరిగిపోతుంది. పైన చెప్పిన 40 మీటర్ల లెక్కలో ఎక్కడా ఇది ఇమడదు. పెట్రోలు ధర గురించి నాకూ తెలుసు. అయినా ఆ కిలోమీటరు తిరిగి రండి.

"రోడ్లు ఇలా తగలడితే మేం ఎంత బాగా నడిపి ఏం లాభం?" అనే ప్రశ్న న్యాయమైనదే. గుంతలు, వెలగని వీధిదీపాలు, ముందు బోర్డు లేకుండా వెలిసిన స్పీడ్ బ్రేకర్లు, పనులు చేసి వదిలేసిన కంకర. వీటన్నిటికీ బాధ్యులు ఉన్నారు, వాళ్లను అడగాల్సిందే, గట్టిగా అడగాల్సిందే. కానీ ఈ వాదన చేసేవాళ్లలో చాలామంది దాన్ని అక్కడే ఆపేస్తారు. రోడ్డు చెడ్డదైతే నేర్పు ఇంకా ఎక్కువ కావాలి కదా. మంచి రోడ్లున్న దేశంలో ముందు బ్రేకు రానివాడు ఎలాగోలా బతుకుతాడేమో. మన దగ్గర బతకడం కష్టం. రోడ్డు బాగయ్యేదాకా నేర్చుకోను అనడం మనకు మనమే చేసుకునే అన్యాయం.

రెండో వాదన తలరాత. "రాసిపెట్టి ఉంటే ఇంట్లో కూర్చున్నా పోతాం." ఈ మాట దుఃఖంలో ఉన్నవాళ్లు అంటే నేను తలవంచి వింటాను. బిడ్డను పోగొట్టుకున్న ఇంట్లో దానికి ఎదురు చెప్పకూడదు. బండి తాళం చేతిలో పట్టుకుని, హెల్మెట్ ఎందుకులే అంటూ అదే మాట అనేవాళ్లతో మాత్రం వాదిస్తాను. కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 74,897 మంది, అంటే నూటికి 44 మందికి పైగా, టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్లు. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్లు 50,029 మంది, వాళ్లలో 14 వేల మందికి పైగా వెనక కూర్చున్నవాళ్లు. బ్రహ్మ రాసిన రాత ఏటా తలకు దెబ్బ తగిలే వైపే ఇంతమందిని నడిపిస్తుందని నేను నమ్మలేను.

హెల్మెట్ గురించి అందరూ చెప్పేదే కాబట్టి తొందరగా ముగిస్తాను. 2021 సెప్టెంబరులో నటుడు సాయి ధరమ్ తేజ్ హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దగ్గర బండి జారి పడ్డారు. రోడ్డు మీద ఇసుక, మట్టి ఉన్నాయని అప్పట్లో వార్తలొచ్చాయి. తలకు హెల్మెట్ ఉంది. స్పృహ లేకుండా ఆసుపత్రిలో చేరిన మనిషి వారాల తర్వాత కోలుకుని మళ్లీ సినిమాలు చేశారు. ఐఎస్ఐ గుర్తు, అంటే ఐఎస్ 4151 ప్రమాణం ఉన్న హెల్మెట్టే కొనండి. 2021 జూన్ నుంచి ఆ గుర్తు లేనివి అమ్మకూడదనే నిబంధన ఉన్నా రోడ్డు పక్కన ప్లాస్టిక్ టోపీలు ఇంకా దొరుకుతున్నాయి. బెల్టు బిగించుకున్నాక వెనకనుంచి పైకి నెట్టి చూడండి. ఊడొస్తే అది మీ సైజు కాదు. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి థర్మోకోల్ నలిగిపోయి ఉంటుంది, మార్చేయాలి. బెల్టు పెట్టుకోకుండా పోలీసు కనబడినప్పుడు నెత్తిన పెట్టుకునే హెల్మెట్ పడగానే మనకంటే ముందు ఎగిరిపోతుంది. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ హెల్మెట్ ఉండాలన్నది మోటారు వాహనాల చట్టం. తొమ్మిది నెలల నుంచి నాలుగేళ్ల లోపు పిల్లలకైతే హెల్మెట్‌తో పాటు నడిపేవాళ్లకు కట్టుకునే బెల్టు, 40 కిలోమీటర్లు మించని వేగం ఉండాలని 2023 ఫిబ్రవరి నుంచి నియమం. ట్యాంకు మీద పిల్లాణ్ని కూర్చోబెట్టుకుని హారన్ కొట్టించి మురిసిపోయే తండ్రులు దీన్ని ఒక్కసారి ఆలోచించాలి. బ్రేకు పడితే ఆ పిల్లాడికి, హ్యాండిల్‌కు మధ్య ఏముంది?

వెనక కూర్చున్న అమ్మ, అత్త, భార్య గురించి కూడా. ఒకవైపుకి కూర్చుంటే గట్టిగా బ్రేకు వేసినప్పుడు పట్టుకోవడానికి వాళ్లకేమీ ఉండదు, గుంతలో పడితే జారిపోతారు. వీలైనచోట రెండువైపులా కాళ్లు వేసి కూర్చోమని చెప్పడంలో సిగ్గుపడాల్సింది లేదు. చీరతో కుదరకపోతే, ఆ రోజు వేగం, గ్యాప్ వాళ్లకు తగ్గట్టు మార్చుకోవాలి. చున్నీ, కొంగు, బురఖా అంచు బండి కదిలేముందే సర్దుకున్నారా అని ఒక్కసారి వెనక్కి చూడాలి. చైన్‌లో చిక్కిన చున్నీ మెడకు బిగుసుకోవడానికి క్షణం చాలు.

ఇంతా చెప్పాక, లైసెన్సు పరీక్షలో మనం దేన్ని పరీక్షిస్తున్నామో చూడండి. ఎల్ఎల్ఆర్ తీసుకుని నెల దాటాక వెళ్తే "8" వేయమంటారు. కాలు కింద పెట్టకుండా 8 వేస్తే పాస్. మెల్లగా పోతూ బ్యాలెన్స్ చేయడం ఒక నైపుణ్యమే, నేను కాదనను. కానీ 8 వేయలేక చచ్చిపోయినవాడి గురించి నేనెప్పుడూ వినలేదు. బ్రిటన్‌లో మోటార్‌సైకిల్ పరీక్షలో అభ్యర్థి గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చి ఎమర్జెన్సీ బ్రేకు వేసి చూపించాలి, అదే వేగంలో అడ్డాన్ని తప్పించుకుని చూపించాలి. మన ఆర్టీఓ ఆఫీసుల్లో 8 ట్రాకు పక్కన ముప్పై, నలభై మీటర్ల తిన్నటి సిమెంటు రోడ్డు చాలు. 30 వేగంలో రమ్మనాలి, ఇన్‌స్పెక్టరు చెయ్యి ఎత్తగానే గీత దాటకుండా, చక్రం జారకుండా ఆపమనాలి. ఆపలేనివాళ్లను నేర్చుకుని మళ్లీ రమ్మనాలి. దీనికి కొత్త యంత్రాలక్కర్లేదు. ఈ ఒక్క పరీక్ష పెడితే డ్రైవింగ్ స్కూళ్లు, బాబాయిలు, మేనమామలు అందరూ ముందు బ్రేకు నేర్పడం మొదలుపెడతారు, ఎందుకంటే మన దగ్గర పరీక్షలో వచ్చేదే నేర్పుతారు.

అది వచ్చేదాకా ఇంట్లో చేయగలిగింది ఉంది. కొత్త బండి రాగానే గుడికి తీసుకెళ్తాం, పసుపు కుంకుమ పెడతాం, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం. ఆ పూజ మీద నాకు గౌరవమే. ఆ వారంలోనే ఒక ఆదివారం పొద్దున, రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు, కొన్నవాణ్ని ఒక తిన్నటి సిమెంటు రోడ్డుకు తీసుకెళ్లండి. హెల్మెట్, చెప్పుల బదులు బూట్లు, ఒక సున్నపు గీత. మొదట ఇరవైలో, తర్వాత ముప్పైలో, చెయ్యి కుదిరాక నలభైలో. ఒంటరిగా బాగా వచ్చాక వెనక మీరు కూర్చుని మళ్లీ చేయించండి. ఇద్దరి బరువుతో బండి ఆగడానికి ఇంకాస్త దూరం పడుతుందని వాడు తన చేత్తోనే తెలుసుకోవాలి. మొదటి వాన పడ్డాక ఇంకోసారి తీసుకెళ్లి, తడి రోడ్డు మీద లీవరు ఎంత మెల్లగా పిండాలో చూపించండి.